బీఎస్సీ తర్వాత ఎంఏ ఇంగ్లిష్: సీటు కష్టం కాదు, చిక్కంతా ఆ తర్వాతే

దేవరకొండలోనో అచ్చంపేటలోనో బీఎస్సీ బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) చివరి ఏడాదిలో ఉన్న అమ్మాయి ఎంఏ ఇంగ్లిష్ చేస్తానని ఇంట్లో అంటే మొట్టమొదట వినిపించే మాట ఒకటే: "బీఎస్సీ చదివి ఇంగ్లిషేంది బిడ్డా? అసలు ఇస్తరా సీటు?" ఇస్తారు. బీకాం వాళ్లకూ ఇస్తారు, బీటెక్ వాళ్లకూ ఇస్తారు. కాలేజీ స్టాఫ్‌రూముల్లో కూడా ఈ అనుమానమే ఎక్కువగా తిరుగుతుంటుంది కానీ దానికి జవాబు ఇంత చిన్నది. చిక్కులు ఉన్నది ఇంకో రెండు చోట్ల. ఒకటి, సీటొచ్చాక మొదటి సెమిస్టర్ జవాబు పత్రంలో. రెండోది, పట్టా చేతికొచ్చాక ఉద్యోగ నోటిఫికేషన్‌లోని అర్హతల పేజీలో. ఆ రెండింటి గురించీ చేరేముందు చెప్పేవాళ్లు తక్కువ.

సీటు సంగతి త్వరగా ముగిద్దాం. నల్లగొండలోని మహాత్మా గాంధీ యూనివర్సిటీ, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు యూనివర్సిటీ, హైదరాబాద్‌లో ఉస్మానియా, ఇలా రాష్ట్ర విశ్వవిద్యాలయాల ఎంఏ, ఎంకాం, ఎమ్మెస్సీ వంటి పీజీ సీట్లకు కలిపి సీపీగెట్ అనే ఒకే పరీక్ష ఉంటుంది. ఉస్మానియా నిర్వహిస్తుంది. వంద ప్రశ్నలు, వంద మార్కులు, గంటన్నర సమయం. ఎంఏ ఇంగ్లిష్‌కు డిగ్రీలో సాహిత్యం ఆప్షనల్‌గా ఉండి తీరాలన్న పట్టు ఇప్పుడు లేదు. జాతీయ స్థాయిలోనూ గాలి ఇటే వీస్తోంది. యూజీసీ 2025లో తెచ్చిన నిబంధనల ప్రకారం, ప్రవేశ పరీక్షలో అర్హత సాధిస్తే డిగ్రీలో చదివిన సబ్జెక్టుతో పనిలేకుండా వేరే సబ్జెక్టులో పీజీకి వెళ్లవచ్చు. అయినా ఏ ఏటికా ఏడు నోటిఫికేషన్‌లో ఇంగ్లిష్ ఎదురుగా ఉన్న అర్హతల వరుసను స్వయంగా చదువుకోవాలి. సీనియర్ చెప్పాడనో నెట్ సెంటర్ అన్న చెప్పాడనో ఫీజు కట్టకూడదు.

తప్పిపోయేది అర్హత దగ్గర కాదు, తేదీల దగ్గర. మన దగ్గర పీజీ అంటే డిగ్రీ ఫలితాలొచ్చాక ఆలోచించే విషయం. సీపీగెట్ వరకు అది నడుస్తుంది, ఎందుకంటే ఆ నోటిఫికేషన్ ఎండాకాలంలోనో ఆ తర్వాతో వస్తుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ మాత్రం ఎంఏ ఇంగ్లిష్ సీట్లను సీయూఈటీ పీజీ అనే జాతీయ ఉమ్మడి ప్రవేశ పరీక్ష స్కోరుతో నింపుతుంది. ఆ పరీక్ష మార్చిలో జరుగుతుంది, దరఖాస్తులు చలికాలంలోనే ముగుస్తాయి. అంటే ఐదో సెమిస్టర్ పరీక్షలు అవుతున్నప్పుడే నిర్ణయం తీసుకుని ఉండాలి. ప్రశ్నలు 75, ఒప్పుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత. 1958లో కేంద్ర ఆంగ్ల భాషా సంస్థగా మొదలై ఇప్పుడు కేంద్రీయ విశ్వవిద్యాలయంగా ఉన్న, హైదరాబాద్‌లోని ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ)ది మళ్లీ వేరే దారి, వేరే క్యాలెండర్. నల్లగొండ నుంచి బస్సెక్కితే రెండు మూడు గంటల్లో చేరే ఈ రెండు సెంట్రల్ క్యాంపస్‌లను మన పిల్లలు ఏటా పోగొట్టుకుంటున్నది ర్యాంకు రాక కాదు. దరఖాస్తు గడువు అయిపోయాక అవి ఉన్నాయని తెలియడం వల్ల.

చివరి సెమిస్టర్‌లో ఉన్నవాళ్లు పరీక్ష రాయొచ్చు. కానీ సీటు ఖరారయ్యే నాటికి బ్యాక్‌లాగ్ ఉండకూడదు. మెమోలు, ప్రొవిజినల్, టీసీ అన్నీ చేతిలో ఉండాలి. రెండో సెమిస్టర్ కెమిస్ట్రీ పేపర్ ఒకటి మిగిలిపోయి ఇంగ్లిష్ సీటు పోవడం విచిత్రంగా అనిపిస్తుంది కానీ జరుగుతుంది.

ర్యాంకు తెచ్చిన అలవాటే అడ్డం పడే చోటు

బీఎస్సీ నుంచి వచ్చినవాళ్లకు ప్రవేశ పరీక్ష పెద్ద అడ్డంకి కాదు. కొన్నిసార్లు బీఏ సాహిత్యం చదివినవాళ్ల కంటే మంచి ర్యాంకులే తెచ్చుకుంటారు. దీనికి కారణం పరీక్ష తీరు. బహుళైచ్ఛిక ప్రశ్న అడిగేది గుర్తుపెట్టుకోగల విషయాన్ని: ఏ కవి ఏ శతాబ్దం వాడు, 1798లో వెలువడిన ఏ కవితా సంపుటితో ఆంగ్ల రొమాంటిక్ యుగం మొదలైందంటారు, బ్లాంక్ వర్స్ అంటే ఏమిటి, సానెట్‌లో పాదాలు ఎన్ని. వర్గీకరణ పట్టికలు బట్టీ పట్టి పాసైనవాళ్లకు ఇదొక లెక్కా? ధ్వని శాస్త్రమైతే ఇంకా తేలిక. బ్రిటిష్ ప్రామాణిక ఉచ్చారణలో 44 ధ్వనులు, అందులో 20 అచ్చులు, 24 హల్లులు, ఏ ధ్వనికి నాలుక ఎక్కడ తగులుతుంది, గొంతు కంపిస్తుందా లేదా. ఇది దాదాపు శరీర నిర్మాణ పాఠమే. ఒక మంచి సాహిత్య చరిత్ర పుస్తకం, ఒక సాహిత్య పదకోశం, పాత ప్రశ్నపత్రాలు దగ్గర పెట్టుకుని మూడు నెలలు కూర్చుంటే చాలామందికి సరిపోతుంది. కోచింగ్ కోసం అమీర్‌పేటలో గది అద్దెకు తీసుకోవాల్సినంత పని కాదిది.

ఆ ర్యాంకు చూసుకుని "మనకు వచ్చేసింది" అనుకోవడం దగ్గర మొదలవుతుంది అసలు ఇబ్బంది. ఎంఏ ఇంగ్లిష్ అంటే గ్రామర్, స్పోకెన్ ఇంగ్లిష్ కలిపిన పెద్ద కోర్సు అనే భ్రమ ఊళ్లో ఎంత ఉందో చేరే పిల్లల్లోనూ అంతే ఉంది. గ్రామర్ ఎక్కడో ఒక పేపర్లో కొంత తగులుతుంది. మిగతాది చాసర్ కాలం నుంచి నిన్నమొన్నటి దాకా కవిత్వం, నాటకం, నవల, భారతీయ ఆంగ్ల రచన, అమెరికన్ సాహిత్యం, దళిత సాహిత్యం, అరిస్టాటిల్‌తో మొదలై వలసానంతర సిద్ధాంతాల దాకా సాగే విమర్శ. మాట్లాడటం ఎవరూ నేర్పరు. వచ్చనే అనుకుంటారు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లకు ఇది భయపెట్టే మాటలా ఉండొచ్చు. కానీ ధారాళంగా మాట్లాడే కాన్వెంటు పిల్లలు కూడా ఈ కోర్సులో అంతే తడబడతారు. వాళ్లు తడబడేదీ మాట దగ్గర కాదు, చదివే పద్ధతి దగ్గర.

ఈ తేడా చూపడానికి భారతీయ ఆంగ్ల కవి నిస్సిం ఎజెకియల్ కవిత ఒకటి తీసుకుందాం, తేలు కుట్టిన రాత్రి గురించి రాసింది. మన దగ్గర డిగ్రీ, ఇంటర్ పాఠాల్లో తరచూ కనిపించే కవిత. ఎడతెగని వానకు బియ్యం బస్తా కిందికి చేరిన తేలు తల్లిని కుడుతుంది. ఊరి జనం లాంతర్లతో వచ్చి దేవుణ్ణి తలుస్తారు, పూర్వజన్మ పాపం ఈ బాధతో కాలిపోవాలంటారు. హేతువాదిగా పేరున్న తండ్రి కూడా దొరికిన పొడులూ మూలికలూ అన్నీ ప్రయత్నించి, చివరికి కుట్టిన కాలి వేలిమీద పారఫిన్ పోసి నిప్పు పెడతాడు. మర్నాటికి విషం దిగుతుంది. తేలు తననే ఎంచుకుని పిల్లల్ని వదిలేసినందుకు తల్లి దేవుడికి దండం పెడుతుంది. కథ ఇంతే.

బీజెడ్‌సీ విద్యార్థిని దీని మీద పది మార్కుల జవాబు రాయమంటే ఏం రాస్తుంది? సారాంశం రాస్తుంది. దాని కింద "మూఢనమ్మకాలను కవి ఖండించాడు" అని ఒక పాయింట్, "తల్లి త్యాగాన్ని చాటాడు" అని ఇంకో పాయింట్, గుర్తొస్తే తేలు విషం నాడీ వ్యవస్థ మీద పనిచేసే తీరు. శీర్షికలు, కింద గీతలు, అంతా శుభ్రంగా ఉంటుంది. మార్కులు మాత్రం రావు. ఎందుకంటే కవి ఎవరినీ ఖండించలేదు. ఆ రాత్రిని చూసింది చిన్న పిల్లవాడు, చెబుతున్నది పెద్దయిన కొడుకు. ఊరివాళ్ల ప్రార్థనలనూ తండ్రి చేష్టలనూ అతడు ఒకే స్వరంతో, ఏ వ్యాఖ్యా లేకుండా వరుసగా పెడతాడు. హేతువాది మంత్రాలకూ మందులకూ తేడా చూడని స్థితికి రావడాన్ని ఎత్తిచూపకుండా చూపిస్తాడు. తల్లి మాట చివర్లో వస్తుంది, దాని మీద కొడుకు ఒక్క ముక్క మాట్లాడడు. ఆ మాట్లాడకపోవడం ఏం చేస్తోందో చెప్పాలి. అదీ జవాబు. కవితలో ఏం జరిగిందన్నది కాక, ఎవరు చెబుతున్నారు, ఏది ముందు పెట్టారు, ఏది చెప్పకుండా వదిలారు అన్నవే ప్రశ్నలు.

సైన్సు ప్రశ్నపత్రంలో జవాబు ముందే ఉంటుంది, విద్యార్థి దాన్ని తిరిగి రాయాలి. ఇక్కడ జవాబు వాదనగా కట్టాలి, ప్రతి మెట్టుకూ పాఠంలోంచి ఆధారం చూపాలి. నిజానికి ప్రయోగశాల రికార్డు రాసినవాళ్లకు ఆధారం చూపడం కొత్త కాదు. కొత్తగా ఉండేది, ఒకే ఆధారం నుంచి ఇద్దరు రెండు నిర్ణయాలకు వచ్చినా ఇద్దరికీ మార్కులు పడే ఏర్పాటు. దీనికి మందు గైడ్ కాదు. గైడ్ సారాంశం ఇస్తుంది, సారాంశమే ఇక్కడి రోగం. వారానికొక చిన్న కవితో కథో తీసుకుని, సారాంశం ఒక్క వాక్యం కూడా లేకుండా రెండు పేజీలు రాసి, కాలేజీలో ఇంగ్లిష్ చెప్పే మేడమ్‌కో సార్‌కో చూపించడం ఒక్కటే నాకు తెలిసి పనిచేసేది. డిగ్రీలో జనరల్ ఇంగ్లిష్ క్లాసుకు పోకుండా ప్రాక్టికల్స్ అని తప్పించుకున్నవాళ్లకు ఇప్పుడు ఆ మేడమ్ దగ్గరికి వెళ్లడం మొహమాటంగా ఉంటుంది. వెళ్లాలి. చదవడానికి వచ్చిన పిల్లను వెనక్కి పంపే టీచర్లు తక్కువ.

వేరే సబ్జెక్టు నుంచి రావడం లోపం మాత్రమే అనుకోనక్కర్లేదు. ఇటిక్యాలపాడు నుంచి వెళ్లి, 1955లో తెలుగుకు వచ్చిన తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారాన్ని అందుకున్న సురవరం ప్రతాపరెడ్డి చదివింది న్యాయశాస్త్రం. మన కాలానికి వస్తే, సాహిత్యంలో ఇప్పుడు జోరుగా సాగుతున్న పరిశోధన పర్యావరణం, ఆరోగ్యం, వలస చుట్టూ ఉంది. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో ఫ్లోరైడ్ నీళ్లు ఎముకలను ఏం చేస్తాయో పాఠంలో చదివి, ఊళ్లోనూ చూసిన విద్యార్థికి ఆ బాధ మీద వచ్చిన కథలనూ పాటలనూ చదివేటప్పుడు ఉండే పట్టు బీఏ చదివినవారికి సులభంగా రాదు. పాలమూరు లేబర్ బతుకు లెక్కలు తెలిసిన బీకాం విద్యార్థికీ అంతే. ఈ బలం పరిశోధన దశలో అక్కరకొస్తుంది. మొదటి సెమిస్టర్‌లో కాదు.

ముందు ఎంఏనా, ముందు బీఈడీనా?

మన జిల్లాల్లో పీజీ చేసేది ఎక్కువగా టీచరో లెక్చరరో కావడానికి. అందుకే ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. ఎంఏ ఇంగ్లిష్ పట్టా ఒకటే అయినా ఒక్కో ఉద్యోగం దాన్ని ఒక్కోలా చూస్తుంది.

జూనియర్ లెక్చరర్‌కు చూసేది పీజీని. 2022 డిసెంబర్‌లో 1,392 జేఎల్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చినప్పుడు కూడా సంబంధిత సబ్జెక్టులో నిర్దేశిత మార్కులతో పీజీ అడిగారు, బీఈడీ అడగలేదు. డిగ్రీ బీఎస్సీ అయినా ఎంఏ ఇంగ్లిష్ ఉంటే సరే. డిగ్రీ కాలేజీకీ యూనివర్సిటీకీ పీజీలో 55 శాతం, దానిపై నెట్ లేదా సెట్ (జాతీయ, రాష్ట్ర స్థాయి లెక్చరర్ అర్హత పరీక్షలు) లేదా పీహెచ్‌డీ. రిజర్వుడు వర్గాలకు 50 శాతం చాలు. ఇక్కడా డిగ్రీ సబ్జెక్టు అడ్డురాదు కానీ డిగ్రీ మార్కులు వెంటాడతాయి. అసిస్టెంట్ ప్రొఫెసర్ షార్ట్‌లిస్టు కోసం యూజీసీ 2018లో ఇచ్చిన పట్టికలో డిగ్రీ శాతానికి కూడా పాయింట్లున్నాయి. "ఎలాగూ ఇంగ్లిష్‌కు పోతున్నా కదా, ఆరో సెమిస్టర్ జువాలజీ పాసైతే చాలు" అనే లెక్క అందుకే మంచిది కాదు.

స్కూలు ఉద్యోగాల దగ్గరికి వస్తే పరిస్థితి వేరు. డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లిష్ పోస్టుకు డిగ్రీలో ఇంగ్లిష్ ఆప్షనల్‌గా చదివి ఉండాలి, లేదా ఇంగ్లిష్‌లో పీజీ ఉండాలి. రెండింటిలో ఏదున్నా, ఇంగ్లిష్ మెథడాలజీతో (అంటే ఇంగ్లిష్ బోధన పద్ధతులు సబ్జెక్టుగా) బీఈడీ తప్పనిసరి. బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్‌లో ఇంగ్లిష్ మెథడాలజీ సీటు తీసుకోవాలంటే బీఏలో ఇంగ్లిష్ సాహిత్యమో ఎంఏ ఇంగ్లిషో ఉండాలి. ఇప్పుడు ఈ రెండు నిబంధనలనూ పక్కపక్కన పెట్టి చూడండి. బీఎస్సీ అయిపోగానే ఇంట్లోవాళ్లు "ముందు బీఈడీ కొట్టెయ్, ఎంఏ తర్వాత చూద్దాం" అంటారు. పిల్ల బయాలజీ మెథడాలజీతో బీఈడీ చేస్తుంది. తర్వాత ఎంఏ ఇంగ్లిష్ చేస్తుంది. డీఎస్సీ వస్తుంది. ఆమె దగ్గర పీజీ ఉంది, బీఈడీ ఉంది, టీచర్ల అర్హత పరీక్ష టెట్ ఉంది. బీఈడీ మెమోలో ఇంగ్లిష్ మెథడాలజీ మాత్రం లేదు. రెండో మెథడాలజీగా ఇంగ్లిష్ తీసుకుని ఉంటే గండం గడిచినట్టే, లేకపోతే ఇంగ్లిష్ పోస్టు కళ్లముందే పోతుంది. అవే రెండు పట్టాలు వరుస మారితే చాలు. ముందు ఎంఏ, ఆ ఎంఏతో ఇంగ్లిష్ మెథడాలజీలో బీఈడీ. బీఎస్సీ, బీకాం, బీటెక్ నుంచి ఇంగ్లిష్ టీచరు కావాలనుకునేవారికి వరుస ఇదే. సైన్స్ టీచరు పోస్టుకైనా సరే, ఇంగ్లిష్ పోస్టుకైనా సరే అనుకునేవారు బీఈడీలో చేరేరోజే మెథడాలజీల జత అడిగి తెలుసుకోవాలి.

టెట్ దగ్గర మాత్రం సైన్సు వాళ్లకు కొంచెం ఊరట. రెండో పేపర్లోని 150 మార్కుల్లో 60 మార్కుల భాగానికి గణితం-సైన్సు, సాంఘిక శాస్త్రం అని రెండు దార్లున్నాయి. భాషా టీచరు కాబోయేవారు ఏదైనా ఎంచుకోవచ్చు. బీఎస్సీ చదివినందుకు దక్కే కొద్దిపాటి లాభాల్లో ఇదొకటి.

కేంద్రీయ విద్యాలయాల లెక్క మరో రకం. అక్కడ పై తరగతుల టీచరు (పీజీటీ) పోస్టుకు చూసేది ఇంగ్లిష్ పీజీ, దాంతోపాటు బీఈడీ. దాని కింది మెట్టు టీచరు (టీజీటీ) పోస్టుకు చూసేది డిగ్రీలో ఏం చదివారన్నది. ఎంఏ ఎంత బాగా చేసినా డిగ్రీలో లేని సబ్జెక్టును అది తెచ్చిపెట్టదు. పై మెట్టు ఉద్యోగానికి అర్హత ఉండి కింది మెట్టుకు లేకపోవడం వినడానికి తిక్కగా ఉంటుంది. నిబంధన రాసినవాళ్లకు బహుశా ఈ దారిలో వచ్చేవాళ్లు ఇంతమంది ఉంటారని తట్టి ఉండదు.

నెట్ గురించి ఒక మాట. రెండు పేపర్లు కలిపి మూడు గంటలు, 150 ప్రశ్నలు, 300 మార్కులు. ఇంగ్లిష్ సిలబస్ పది యూనిట్లు: నాటకం, కవిత్వం, కల్పనా సాహిత్యం, వ్యాసం వగైరా గద్యం, భాష, భారతదేశంలో ఇంగ్లిష్, సాంస్కృతిక అధ్యయనాలు, సాహిత్య విమర్శ, రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి సిద్ధాంతాలు, పరిశోధన పద్ధతులు. ఎంఏలో చేరినరోజే ఈ పట్టిక గోడకు అంటించుకుంటే యూనివర్సిటీ సిలబస్‌లో ఏది తక్కువైందో తెలుస్తూ ఉంటుంది. దాంతో పరిశోధన ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు. సాహిత్యం చదివితే ఏమొస్తుందని అడిగే చిన్నాన్నకు చెప్పదగిన అంకె.

రెగ్యులర్‌గా వెళ్లలేనివాళ్లకు ఇగ్నో, అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఉన్నాయి. ఇగ్నో ఎంఏ ఇంగ్లిష్‌కు ఏ డిగ్రీ అయినా చాలు. గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చే దూరవిద్య పట్టా రెగ్యులర్ పట్టాతో సమానమని యూజీసీ 2022లో మళ్లీ స్పష్టం చేసింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ మాత్రం దూరవిద్యకు వర్తించదు. పట్టా విలువ సమానమే కానీ, పైన చెప్పిన రాత అలవాటు ఒంటరిగా తెచ్చుకోవడం మటుకు చాలా కష్టం. ఇగ్నో అసైన్‌మెంట్లను జిరాక్స్ షాపులో కొనుక్కుని కాపీ చేసేవాళ్లకు ఆ పట్టా జేఎల్ పరీక్ష హాల్లో ఏమాత్రం పనికిరాదు.

విదేశాల మాట కూడా అడుగుతారు కాబట్టి చెప్పాలి. అమెరికాలో ఇంగ్లిష్ పీజీకి ఒకప్పుడు సాహిత్యం మీద జీఆర్‌ఈ సబ్జెక్ట్ టెస్టు ఉండేది, 2021తో దాన్ని ఆపేశారు. ఇప్పుడు బరువంతా రాసిన వ్యాసం మీదే. పది పదిహేను పేజీల సాహిత్య విమర్శ, మీరు సొంతంగా రాసింది, నమూనాగా పంపాలి. మీ రాతను ఎరిగిన ముగ్గురు అధ్యాపకుల సిఫారసు లేఖలు కావాలి. బీఎస్సీ నుంచి నేరుగా వెళ్లాలనుకునేవారి దగ్గర ఈ రెండూ ఉండవు. బోటనీ సార్ ఎంత ప్రేమగా రాసినా ఆ లేఖ సాహిత్య విభాగానికి ఉపయోగపడదు. పైగా అక్కడ ఎంఏకు స్టయిపెండు దొరకడం అరుదు, డబ్బు ఇచ్చేది ఎక్కువగా పీహెచ్‌డీకే. పొలం తాకట్టు పెట్టి ఎంఏకు వెళ్లే బదులు ఇక్కడే ఎంఏ చేసి, అందులో రాసిన మంచి వ్యాసం చేతపట్టుకుని పీహెచ్‌డీకి దరఖాస్తు చేయడం తెలివైన పని.

ఇదంతా డిగ్రీ వేరే సబ్జెక్టులో చేసేసినవాళ్ల కోసం. ఇంట్లో ఇంటర్ చదువుతున్న తమ్ముడో చెల్లెలో ఉండి, వాళ్లకూ ఇంగ్లిష్ మీదే మనసుంటే, డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ పద్ధతి దోస్త్‌లో ఆప్షన్లు పెట్టేటప్పుడే ఇంగ్లిష్ సాహిత్యం ఆప్షనల్‌గా ఉన్న బీఏ కాంబినేషన్ ఏ కాలేజీలో ఉందో వెతికి పెట్టించండి. ఇంటర్ బైపీసీ చదివినా బీఏలో చేరవచ్చు. అప్పుడు ఎడ్‌సెట్‌కూ డీఎస్సీకీ ఎంఏ కోసం ఆగాల్సిన పని ఉండదు, టీజీటీ తలుపు కూడా మూసుకుపోదు.